‘సెటిలయ్యాక’ అనే తేదీ క్యాలెండర్‌లో లేదు

బీటెక్ అయిపోయింది. ఆఫర్ లెటర్ మెయిల్‌లో ఉంది. జాయినింగ్ డేట్ మాత్రం లేదు. 2019 వేసవి నుంచి నా పరిస్థితి ఇదే. జులై అన్నారు, తర్వాత అక్టోబర్ అన్నారు, ఆ తర్వాత ‘మేమే తెలియజేస్తాం’ అన్నారు. ఖమ్మంలో మా వీధిలో ఎవరు కనిపించినా ఒకటే ప్రశ్న: ‘ఏం బాబూ, ఇంకా పిలవలేదా?’ ఇప్పుడు ఇది చదువుతున్న మీలో చాలామంది కూడా ఏదో ఒక తేదీ కోసమే ఎదురుచూస్తూ ఉంటారు. నోటిఫికేషన్ కావచ్చు, రిజల్ట్ కావచ్చు, హెచ్‌ఆర్ నుంచి రావాల్సిన ఫోన్ కావచ్చు. వాటిలో ఒక్క తేదీ కూడా మన చేతిలో ఉండదు.

అప్పుడు మేం ఐదుగురు ఫ్రెండ్స్ కలిసి ఒక టూర్ ప్లాన్ చేశాం. సముద్రం, ఎడారి, పురాతన శిథిలాలు.. మూడూ ఒకే ట్రిప్‌లో చూడాలని. ‘ఉద్యోగం లేకుండా టూర్లేంట్రా?’ అని నాన్న అడిగారు. అందులో తప్పు లేదు. ఆయన కాలంలో ఉద్యోగం వచ్చాకే ఏదైనా. కానీ ఇన్నేళ్ల తర్వాత వెనక్కి తిరిగి చూస్తే, ఆ ఖాళీ నెలల్లో నేను చేసిన మంచి పనుల్లో అదొకటి అనిపిస్తుంది. అది టూర్ కాబట్టి కాదు. ఎవరో ఇచ్చేదాకా ఆగకుండా మేమే పెట్టుకున్న మొదటి తేదీ అది కాబట్టి.

ఈ వ్యాసం ‘బ్యాగ్ సర్దుకుని వెళ్లిపోండి, జీవితాన్ని ఎంజాయ్ చేయండి’ అని చెప్పడానికి కాదు. అలాంటి రీల్స్ మీ ఫోన్‌లో రోజూ వంద వస్తాయి. నేను చెప్పేది ప్లాన్ గురించి. అందులో మేం చేసిన తప్పుల గురించి కూడా.

మూడూ ఒకేచోట ఎక్కడ?

మొదట్లో మా లిస్టు చూస్తే నవ్వొస్తుంది. గోవా బీచ్, జైసల్మేర్ ఇసుక దిబ్బలు, హంపి. ఒక్కొక్కటీ ఒక్కో రాష్ట్రంలో. ఒక్కొక్కటి బాగుంటుందని రాసుకున్నామే తప్ప, మధ్యలో ఎన్ని రాత్రులు రైల్లోనే పోతాయో లెక్కేయలేదు. మా ఈసీఈ ఫ్రెండ్ లెక్కల్లో గట్టివాడు. వాడే ఎక్సెల్ షీట్ తెరిచి, ఒక్కో ఊరి మధ్య ప్రయాణ గంటలు వేశాడు. తొమ్మిది రోజుల్లో చూడటానికి మిగిలేది మూడున్నర రోజులే. ‘మనం చూడ్డానికి వెళ్తున్నామా, రైలెక్కడానికి వెళ్తున్నామా?’ అన్నాడు.

అప్పుడు ప్రశ్నని తిరగేశాం. ‘మంచి బీచ్ ఏది, మంచి ఎడారి ఏది?’ అని కాకుండా ‘ఈ మూడూ దగ్గర దగ్గరగా ఉన్న చోటేది?’ అని వెతికాం. దొరికింది గుజరాత్‌లోని కచ్ జిల్లా.

కచ్ మామూలు జిల్లా కాదు. వైశాల్యంలో దేశంలోనే అతి పెద్దది. 45 వేల చదరపు కిలోమీటర్లకు పైనే. అంటే కేరళ రాష్ట్రం కన్నా పెద్దది. జిల్లా కేంద్రం భుజ్. అక్కడి నుంచి దక్షిణంగా 60 కిలోమీటర్లు వెళ్తే మాండ్వి, అంటే సముద్రం. ఉత్తరంగా 80 కిలోమీటర్ల పైన వెళ్తే ధోర్డో, అక్కడ తెల్ల రణ్, అంటే ఉప్పు ఎడారి. ఈశాన్యంగా, రణ్ మధ్యలో దీవిలా ఉండే ఖదిర్ మీద ధోలావీర. అది దాదాపు నాలుగున్నర వేల ఏళ్ల కిందటి హరప్పా నగరం. భుజ్‌లో ఒకే లాడ్జిలో గది తీసుకుని మూడు దిక్కులకూ వెళ్లి రావచ్చు.

లాప్‌టాప్ ముందు కూర్చుని ఇది కనిపెట్టిన రోజు, ఏదో కష్టమైన కోడ్ ఎర్రర్ లేకుండా రన్ అయినంత ఆనందపడ్డాం.

డబ్బు ముందు, ఫొటోలు తర్వాత

మాకు మేం పెట్టుకున్న రూల్ ఒక్కటే. ఇంట్లో రూపాయి అడగకూడదు, అప్పు చేయకూడదు. తలా తొమ్మిది వేలు. నేను మూడు నెలలపాటు పక్క వీధి పిల్లలకు టెన్త్ మ్యాథ్స్ ట్యూషన్ చెప్పాను. మెకానికల్ చదివిన ఫ్రెండ్ వాళ్ల బాబాయి షాపులో కూర్చున్నాడు. ఇప్పుడు ప్రతి యాప్‌లోనూ ‘ముందు వెళ్లండి, తర్వాత కట్టండి’ అంటున్నారు. ఉద్యోగం రాకముందే టూర్‌కి ఈఎంఐ పెట్టుకుంటే, ఎడారిలో నిలబడ్డా ఐదో తేదీయే గుర్తొస్తుంది. దాని జోలికి పోకండి.

ఖర్చుని మూడు భాగాలు చేసి చూడండి. మొదటిది తప్పనిసరి ఖర్చు: రానూపోనూ రైలు టికెట్లు. రెండోది పంచుకునే ఖర్చు: క్యాబ్, గది. మూడోది తగ్గించుకోగలిగిన ఖర్చు: తిండి, షాపింగ్. చాలామంది మూడోదాని మీద గొడవ పడతారు. టీ తాగాలా, వద్దా అని. నిజానికి కచ్ లాంటి చోట బడ్జెట్‌ని తినేసేది రెండోది. దూరాలు ఎక్కువ, బస్సులు తక్కువ. క్యాబ్‌ని ఇద్దరు పంచుకుంటే ఒక లెక్క, నలుగురు పంచుకుంటే ఇంకో లెక్క. అందుకే ‘ఎంతమంది?’ అన్నదే మొదటి ప్రశ్న.

రైలు సంగతికొస్తే, చెన్నై నుంచి అహ్మదాబాద్ వెళ్లే నవజీవన్ ఎక్స్‌ప్రెస్ విజయవాడ, ఖమ్మం, వరంగల్ మీదుగానే పోతుంది. అహ్మదాబాద్ నుంచి భుజ్‌కి మరో రైలు. అప్పట్లో మేం రాత్రి రైలెక్కి పొద్దునకి దిగాం. 2024 సెప్టెంబర్ నుంచి అహ్మదాబాద్-భుజ్ మధ్య నమో భారత్ ర్యాపిడ్ రైల్ కూడా నడుస్తోంది. ఆరు గంటల్లోపే చేరుస్తుంది. ఒకటి గుర్తుపెట్టుకోండి: ఇప్పుడు రైల్వే రిజర్వేషన్ 60 రోజుల ముందే తెరుచుకుంటుంది. 2024 నవంబర్‌కి ముందు అది 120 రోజులు. అంటే పాత సలహాలు ఇప్పుడు పనికిరావు.

సీజన్ కూడా డబ్బు లెక్కే. రణ్‌లో జూన్ నుంచి అక్టోబర్ దాకా నీళ్లుంటాయి. వానలు పోయి, ఆ నీళ్లు ఎండితేనే కింద ఉప్పు పొర తెల్లగా బయటపడుతుంది. కాబట్టి ‘సెమిస్టర్ అయిపోయింది, జూన్‌లో వెళ్దాం’ అంటే ఎడారి బదులు బురద చూసి రావాలి. డిసెంబర్, జనవరి, ఫిబ్రవరి మంచి నెలలు. అందులోనూ పౌర్ణమి రోజుల్లో తెల్ల రణ్‌కి జనం పోటెత్తుతారు, గదుల రేట్లు పెరుగుతాయి. మేం 2020 సంక్రాంతి ఇంట్లో చేసుకుని, పండగ తర్వాత, అమావాస్య దగ్గర పడే రోజుల్లో బయల్దేరాం. వెన్నెల లేదు. కానీ మా తొమ్మిది వేలు సరిపోయాయి. ఓ రాత్రి ఖావ్డా వైపు పల్లెలో పడుకున్నప్పుడు ఆకాశంలో అన్ని చుక్కలు ఉంటాయని మొదటిసారి తెలిసింది.

రానివాడి గురించి

ఐదుగురం ప్లాన్ చేశాం అన్నాను కదా, వెళ్లింది నలుగురమే. షీట్ తయారుచేసిన ఈసీఈ ఫ్రెండే రాలేదు. వాడికి ఎడ్యుకేషన్ లోన్ ఉంది. ‘నా దగ్గర తొమ్మిది వేలు ఉన్నాయి రా. కానీ లోన్ కట్టడం మొదలయ్యాక మొదటి రెండు నెలలకి అవి అవసరం’ అన్నాడు. మేం రెండు రోజులు బతిమాలాం. ఇప్పుడు తల్చుకుంటే అలా బతిమాలినందుకు సిగ్గేస్తుంది. వాడి లెక్క మా లెక్క కన్నా సరైనది.

అందుకే చెప్తున్నా, ‘అందరూ వెళ్లాల్సిందే’ అనేది నా మాట కాదు. ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగోలేకపోయినా, నెలవారీ అప్పు ఉన్నా, వారంలో పరీక్ష ఉన్నా ఆగండి. కానీ ‘డబ్బులేదు కాబట్టి ఇప్పుడు కాదు’ అనడం వేరు, ‘సెటిలయ్యాక చూద్దాం’ అనడం వేరు. మొదటిది లెక్క. రెండోది లెక్క ఎగ్గొట్టడం.

స్కేలు గీత, రోడ్డు గీత

భుజ్‌లో దిగాక మా షీట్‌లో ఉన్న పెద్ద తప్పు బయటపడింది.

మా ప్లాన్‌లో మూడో రోజు ఇలా ఉంది: పొద్దున ధోర్డోలో తెల్ల రణ్, మధ్యాహ్నానికి ధోలావీర, రాత్రి అక్కడే బస. మ్యాప్‌లో చూస్తే రెండూ పక్కపక్కనే. గీత గీస్తే 70 కిలోమీటర్ల చిల్లర. క్యాబ్ డ్రైవర్‌కి ఆ కాగితం చూపిస్తే నవ్వాడు. ‘భాయ్, మధ్యలో రణ్ ఉంది. దాని మీద కారు పోదు’ అన్నాడు హిందీలో. అప్పటికి ఆ దారి లేదు. ధోర్డో నుంచి మళ్లీ భుజ్‌కి రావాలి, అక్కడి నుంచి భచావ్, రాపర్ మీదుగా చుట్టూ తిరిగి ధోలావీర చేరాలి. మొత్తం 300 కిలోమీటర్లు.

నలుగురు ఇంజినీర్లం! మ్యాప్ మీద స్కేలు పెట్టి కొలిచాం. రోడ్డు ఉందో లేదో ఎవరూ చూడలేదు. ఒక్క ఫోన్ కాల్ చేసి ఉంటే ఖమ్మంలోనే తెలిసేది. స్క్రీన్ మీద ఎంత బాగా కనిపించినా, అక్కడ పనిచేసే మనిషిని అడిగేదాకా ప్లాన్ పూర్తయినట్టు కాదు. ఉద్యోగంలో చేరాక ఇదే పాఠం నాకు పది సార్లు పనికొచ్చింది. రిక్వైర్‌మెంట్ డాక్యుమెంట్‌లో రాసి ఉండేది స్కేలు గీత. కస్టమర్ చెప్పేది రోడ్డు గీత.

(ఇప్పుడైతే పరిస్థితి మారింది. ఖావ్డా నుంచి ధోలావీరకి రణ్ మీదుగానే రోడ్డు పడింది. అందులో దాదాపు 30 కిలోమీటర్లు రెండు పక్కలా తెల్లటి ఉప్పే. భుజ్ నుంచి ధోలావీర ఇప్పుడు సుమారు 140 కిలోమీటర్లు. అయినా వెళ్లేముందు అక్కడివాళ్లకి ఫోన్ చేసి రోడ్డు ఎలా ఉందో కనుక్కోండి.)

తప్పు తెలిశాక భుజ్‌లో టీ కొట్టు దగ్గర నిలబడి ప్లాన్ మార్చాం. దూరం ఎక్కువ కాబట్టి ధోలావీరని చివరికి నెట్టాం. ముందు మాండ్వి, తర్వాత తెల్ల రణ్, ఆఖరి రోజు ధోలావీర. కాగితం మీద చక్కగా కుదిరింది. కానీ మేం చేసిన రెండో తప్పు అదే.

మాండ్విలో వచ్చిన ఫోన్

మాండ్విని బీచ్ ఊరు అని మాత్రమే అనుకుని వెళ్లాం. రుక్మావతి నది ఒడ్డున చెక్క ఓడలు తయారు చేస్తూ కనిపించారు. మూడంతస్తుల ఇల్లంత ఓడ, చుట్టూ కట్టెలతో మంచె, పైన సుత్తులు పట్టుకున్న మనుషులు. కొన్ని వందల ఏళ్లుగా అక్కడ ఇదే పని. మా మెకానికల్ వాడు గంటసేపు అక్కడి నుంచి కదల్లేదు. ఇంటర్న్‌షిప్‌లో నెల రోజులు నేర్చుకున్నదాని కన్నా ఈ గంటలో ఎక్కువ నేర్చుకున్నానన్నాడు. బీచ్‌లో దబేలీ తిన్నాం. ఈ దబేలీ పుట్టింది మాండ్విలోనే అంటారు. రెండు తింటే మధ్యాహ్నం భోజనం అయిపోయినట్టే.

సాయంత్రం సూర్యుడు దిగుతుండగా మా సివిల్ ఫ్రెండ్‌కి ఫోన్ వచ్చింది. హైదరాబాద్‌లో ఒక కంపెనీ డ్రైవ్. మూడు రోజుల్లో ఒరిజినల్ సర్టిఫికెట్లతో రావాలి. వాడు ఆరు నెలలుగా అలాంటి ఫోన్ కోసమే చూస్తున్నాడు. ఇంకేం మాట్లాడతాం? ఆ రాత్రే భుజ్‌కి తీసుకొచ్చి రైలెక్కించాం.

బాధ ఎక్కడంటే, ఈ ట్రిప్‌కి వాడు వచ్చిందే ధోలావీర కోసం. సెమినార్‌లో వాడు చెప్పిన టాపిక్ అక్కడి జలాశయాలు. మా నలుగురిలో ఆ ఊరి గురించి చదివినవాడు వాడొక్కడే. మొదటి రోజే ధోలావీర పెట్టి ఉంటే చూసేసేవాడు. దూరమని చివర పెట్టాం. డ్రైవ్‌లో వాడికి ఆ ఉద్యోగం రాలేదు. వేరే ఉద్యోగం వచ్చేసరికి ఇంకో ఏడాది పట్టింది. ధోలావీర మాత్రం ఇప్పటికీ చూడలేదు.

నేను ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం ఇదే. బాగా ఇష్టమైనదాన్ని, కష్టం కదా అని చివర్లో పెట్టడం మనందరికీ అలవాటు. ప్లాన్‌లో ఎప్పుడూ ముందు కోతపడేది చివరి రోజే. రైలు లేటైనా, జ్వరం వచ్చినా, ఫోన్ వచ్చినా పోయేది అదే.

ధోలావీరలో ముగ్గురం

తెల్ల రణ్‌కి ముగ్గురమే వెళ్లాం. క్యాబ్ ఖర్చు నలుగురి నుంచి ముగ్గురికి మారింది, తలా ఐదారు వందలు పెరిగింది. షాపింగ్ కోసం ఉంచుకున్న డబ్బు అందులోకి పోయింది. రణ్‌లోకి వెళ్లడానికి పర్మిట్ కావాలి. సరిహద్దు ప్రాంతం కాబట్టి ఒరిజినల్ ఐడీ కార్డు దగ్గరుంచుకోండి. ‘ఇసుక ఏదిరా?’ అని మా మెకానికల్ వాడు మొదట నిరుత్సాహపడ్డాడు. ఇసుక ఉండదు. కాళ్ల కింద కరకరలాడే ఉప్పు. కనుచూపు మేర చెట్టు లేదు, గోడ లేదు. అక్కడ నిలబడి కాసేపు ఎవరం ఏం మాట్లాడలేదు.

ఆ రాత్రి పడుకున్నది భుంగాలో. అంటే మట్టితో కట్టిన గుండ్రటి ఇల్లు, పైన శంకువులాంటి కప్పు. 2001 జనవరి 26న కచ్‌లో వచ్చిన భూకంపంలో 13 వేల మందికి పైగా చనిపోయారు. భుజ్‌లో ఎన్నో కాంక్రీట్ భవనాలు కూలిపోయాయి. పద్ధతిగా కట్టిన గుండ్రటి భుంగాలు మాత్రం చాలావరకు నిలబడ్డాయి. గుండ్రటి గోడ మీద భూకంపం ఒత్తిడి ఒక మూలన పడకుండా చుట్టూ పంచుకుపోతుంది. ఇది వివరించడానికి మా సివిల్ వాడు పక్కన లేడు. ఫోన్ చేసి అడిగి తెలుసుకున్నాం. రైల్లో ఇంటర్వ్యూకి ప్రిపేర్ అవుతూనే అరగంట క్లాస్ తీసుకున్నాడు.

ఆఖరి రోజు చీకటితోనే బయల్దేరి ధోలావీర చేరాం. 1960ల్లో పురావస్తు శాఖకు చెందిన జగత్‌పతి జోషి వెలుగులోకి తెచ్చిన చోటు ఇది. 1990 నుంచి ఆర్.ఎస్. బిష్త్ ఆధ్వర్యంలో పెద్ద ఎత్తున తవ్వకాలు జరిగాయి. వానలు అంతంతమాత్రంగా పడే, చుట్టూ ఉప్పు తప్ప మరేం లేని చోట అంత పెద్ద నగరం ఎలా బతికింది? జవాబు నీళ్ల లెక్క. ఊరికి ఉత్తరాన మన్సర్, దక్షిణాన మన్హర్ అని రెండు వాగులు. వానాకాలంలో తప్ప పారవు. వాటికి అడ్డుకట్టలు వేసి, ఆ నీటిని రాతిని తొలిచిన జలాశయాల్లోకి మళ్లించారు. ఒక్క తూర్పు జలాశయమే సుమారు 73 మీటర్ల పొడవు, 29 మీటర్ల వెడల్పు. మెట్లు దిగి అందులో నిలబడితే మనం చీమల్లా ఉంటాం.

ఏడాదిలో కొద్ది రోజులే నీళ్లు వస్తాయని వాళ్లకు తెలుసు. ఆ కొద్ది రోజుల కోసం మిగతా ఏడాదంతా సిద్ధం చేసుకున్నారు. ఉద్యోగం కోసం ఎదురుచూస్తున్న నాకు ఆ గట్టు మీద కూర్చుంటే ఒకటనిపించింది. వాన ఎప్పుడు పడుతుందో మన చేతిలో లేదు. తొట్టి తవ్వుకోవడం మన చేతిలోనే ఉంది.

మరుసటి ఏడాది, 2021 జులైలో ధోలావీర యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. దానికి రెండు రోజుల ముందు అదే సమావేశాల్లో చేరింది మన రామప్ప గుడి. ఆ వార్త చదివినప్పుడు నాకు సిగ్గేసింది. గుజరాత్ దాకా వెళ్లొచ్చిన నేను, పక్కనే ములుగు జిల్లాలో ఉన్న రామప్పని అప్పటికి చూడలేదు.

తొమ్మిది వేలు లేకపోతే?

దూరం వెళ్తేనే టూర్ కాదని నాకు చూపించింది మా చెల్లి. పోయినేడాది ఫైనలియర్‌లో ఉండగా తనూ ఇదే సరదా పడింది: సముద్రం, ఎడారి, శిథిలాలు. కానీ తన దగ్గరున్నది రెండు వేలు, రెండు రోజులు. పైగా అమ్మాయి. నన్ను అడిగినంత తేలిగ్గా ‘టూర్లేంటి?’ అని అడిగి ఊరుకోరు ఇంట్లో.

తను వెతికింది విశాఖపట్నం నుంచి భీమిలి వెళ్లే బీచ్ రోడ్డు. ఆ ఒక్క రోడ్డు మీదే రుషికొండ బీచ్ ఉంది. దాటి కాస్త ముందుకెళ్తే సముద్రం వైపు చూసే కొండ మీద తొట్లకొండ. దాదాపు రెండు వేల ఏళ్ల కిందటి బౌద్ధ ఆరామం, స్తూపాల పునాదులు. ఇంకా ముందుకెళ్తే భీమిలి దగ్గర ఎర్రమట్టి దిబ్బలు. అది ఎడారి కాదు. కానీ సముద్రం పక్కన గాలి, నీరు వేల ఏళ్లపాటు చెక్కిన ఎర్రటి ఇసుక లోయల్లో నడుస్తుంటే వేరే దేశంలో ఉన్నట్టుంటుంది. జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా దాన్ని జాతీయ భూవారసత్వ ప్రదేశంగా గుర్తించింది. అక్కడ మట్టి తీసుకురావద్దు, చెత్త వేయొద్దు, అంతే.

తను అమ్మానాన్నలకు మాటలు చెప్పలేదు. ఒక కాగితం ఇచ్చింది. రైలు నంబరు, ఎక్కే టైము, దిగే టైము, ఉండబోయే హాస్టల్ ఫోన్ నంబరు, వెంట వచ్చే ముగ్గురమ్మాయిల ఇళ్ల నంబర్లు, ఏ గంటకి ఎక్కడ ఉంటారు, చీకటి పడకముందే గదికి చేరే టైము. నాన్న కళ్లజోడు పెట్టుకుని రెండుసార్లు చదివారు. ‘తిరుగు టికెట్ కన్ఫర్మ్ అయిందా?’ అని ఒక్కటే అడిగారు. నాకు రెండు వారాల వాదన పట్టిన పర్మిషన్ తనకు పది నిమిషాల్లో వచ్చింది.

తొట్లకొండ అన్న పేరు ఎలా వచ్చిందో తెలుసా? కొండ మీద రాతిలో తొలిచిన నీటి తొట్ల వల్ల. ఆ ఫొటో చెల్లి పంపినప్పుడు నాకు ధోలావీర గట్టు గుర్తొచ్చింది. తొట్టి తవ్వుకున్నవాళ్లు మన దగ్గరా ఉన్నారు. మనం చూడలేదంతే.

ఇంటర్వ్యూలో ఇది పనికొస్తుందా?

ఈ పేజీ చదివేవాళ్లు ఈ ప్రశ్న అడుగుతారని తెలుసు. నిజాయితీగా చెప్తా. రెజ్యూమెలో హాబీస్ దగ్గర ‘ట్రావెలింగ్’ అని రాస్తే ఏ లాభం లేదు. అందరూ రాస్తారు. ‘ఎక్కడెక్కడ తిరిగారు?’ అంటే సగం మంది తడబడతారు.

కానీ చాలా ఇంటర్వ్యూల్లో ఒక ప్రశ్న వస్తుంది: ‘మీరు ప్లాన్ చేసిన పని ఒకటి చెప్పండి. అందులో ఏం తప్పు జరిగింది, ఏం చేశారు?’ ఎక్కువ మంది ఫైనలియర్ ప్రాజెక్ట్ చెప్తారు. దాన్ని ఎవరు చేశారో, ఎంతకి కొన్నారో అడిగేవాళ్లకూ తెలుసు. నేను తర్వాత కంపెనీ మారేటప్పుడు ఒక ఇంటర్వ్యూలో స్కేలు గీత కథ చెప్పాను. అడిగినాయన నవ్వి, ‘మరి మళ్లీ ప్లాన్ చేస్తే ఏం మారుస్తారు?’ అన్నారు. ‘మాలో ఒకడికి బాగా కావాల్సినదాన్ని మొదటి రోజు పెడతాను’ అన్నాను. ఉద్యోగం ఆ జవాబు వల్లే వచ్చిందని చెప్పను. కోడింగ్ రౌండ్ పాసయ్యాకే ఆ గదిలో కూర్చున్నా. కానీ ఆ రోజు బట్టీ పట్టని జవాబు చెప్పగలిగాను. తప్పు నాది కాబట్టి, దిద్దుకున్నదీ నేనే కాబట్టి.

వెళ్లేటట్టయితే కొన్ని జాగ్రత్తలు. సర్టిఫికెట్లన్నీ స్కాన్ చేసి ఫోన్‌లో, మెయిల్‌లో ఉంచుకోండి. ఒరిజినల్స్ ఎక్కడున్నాయో ఇంట్లో ఒకరికి చెప్పండి. మా సివిల్ వాడి సర్టిఫికెట్లు వాళ్ల అన్నయ్య తెచ్చి సికింద్రాబాద్ స్టేషన్‌లో ఇచ్చాడు కాబట్టి సరిపోయింది. రాబోయే పరీక్షల తేదీలు చూసుకున్నాకే టికెట్ బుక్ చేయండి. ఒక రోజు ఖాళీగా వదలండి. ఆ రోజు వృథా అనిపిస్తుంది, కానీ ప్లాన్‌ని కాపాడేది అదే.

ఆ షీట్ ఇప్పటికీ ఉంది

మేం ఖమ్మం తిరిగొచ్చిన రెండు నెలలకి లాక్‌డౌన్ వచ్చింది. రైళ్లు ఆగిపోయాయి. నా జాయినింగ్ ఇంకా జరిగి, చివరికి ఇంట్లో మంచం మీద కూర్చుని లాప్‌టాప్‌లో జరిగింది. ‘ఉద్యోగం వచ్చాక వెళ్దాం’ అని జనవరిలో అనుకుని ఉంటే ఏమయ్యేదో మీరే ఆలోచించండి.

షీట్ తయారుచేసి తాను రాని మా ఈసీఈ ఫ్రెండ్ లోన్ తీర్చేశాడు. 2023 డిసెంబర్‌లో అమ్మానాన్నలను తీసుకుని కచ్ వెళ్లాడు. అదే షీట్. కొత్తగా ఒక కాలమ్ మాత్రం చేర్చాడు: ‘అమ్మ ఎంత నడవాలి?’ వాడు మొదటి రోజే ధోలావీర పెట్టాడు. అక్కడి నుంచి మా సివిల్ వాడికి వీడియో కాల్ చేసి, జలాశయం మెట్ల మీద నడుస్తూ చూపించాడట.

కాబట్టి ఈ రోజు సాయంత్రం ఒక షీట్ తెరవండి. మీకు బాగా ఇష్టమైన చోటు మొదటి లైన్‌లో రాయండి. పక్కన ఒక తేదీ వేయండి. ఆ తేదీ మార్చుకోవాల్సి రావచ్చు, పర్లేదు. దాన్ని వేసింది మాత్రం మీరే.